నయాగరా దగ్గర రెయిలింగ్

చక్రపాణి తీసిన ఫొటోల్లో గిరిజ ఎప్పుడూ మసకే. పెళ్ళయిన కొత్తలో నయాగరా తీసుకెళ్ళి ఫొటో తీస్తే, రెయిలింగ్ మీది తుప్పు మచ్చలు లెక్కపెట్టేంత స్పష్టంగా పడ్డాయి. పసుపు చీర కట్టుకుని నవ్వుతున్న పెళ్ళాం మాత్రం వట్టి పసుపు మరక. తప్పంతా కెమెరాదేనని పన్నెండేళ్ళుగా ఆయన వాదన. ఆడలేక మద్దెల ఓడన్నాడట, అని ఆవిడ జవాబు.

అలాంటి మనిషికి, ముందు ఫొటో తీసేసి ఫోకస్ సంగతి తర్వాత తీరిగ్గా చూసుకునే కెమెరా వచ్చిందని తెలిస్తే ఆగుతాడా? అగరుబత్తుల పెట్టెలా పొడుగ్గా ఉన్న దాన్ని వెంటనే తెప్పించేశాడు. కంప్యూటర్లో ఫొటో తెరిచి ఎక్కడ నొక్కితే అక్కడ తేటపడుతుంది.

"శనివారం ఉమావాళ్ళ పాప అన్నప్రాశన కదా," అంది గిరిజ. "అక్కడ నాది ఒక్క మంచి ఫొటో తీయండి చాలు. లేదంటే సోమవారం రిటర్న్ చేసేద్దాం. ఆ బాక్స్ పారేయకండి."

"ఒక్కటేంటి, ఆల్బమే చేస్తా!"

గిరిజ నవ్వలేదు. ఇన్నేళ్ళ వేళాకోళం వెనక నిజంగానే నొప్పి ఉందేమోనని చక్రపాణికి మొదటిసారి అనుమానమొచ్చింది.

శనివారం అరోరా ఊళ్ళో ఉమ ఇంటినిండా జనం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. చక్రపాణి గుమ్మం దగ్గరి చెప్పులతో మొదలుపెట్టి దేన్నీ వదల్లేదు. పాప ముందు పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పరమాన్నం గిన్నె పెట్టారు. ముందు ఏది ముట్టుకుంటే అదే దాని రాత. పాకుతూ వచ్చిన పాప చెయ్యి చాచగానే చక్రపాణి నేలమీద బోర్లా పడుకుని క్లిక్ కొట్టాడు.

"పెన్నే పట్టుకుంది!" అన్నాడు పాప తండ్రి కౌశిక్.

"కాదు, గొలుసు! నేను చూశా," అంది ఉమ. "అన్నయ్యగారూ, మీ కెమెరాలో తేల్చండి."

ఇక చూడాలి ఆయన దర్జా! ల్యాప్‌టాప్‌ని టీవీకి కనెక్ట్ చేసి పాప వేళ్ళ మీద నొక్కాడు. పెన్నూ కాదు, గొలుసూ కాదు. బొటనవేలు పరమాన్నంలో మునిగి ఉంది.

"అచ్చం వాళ్ళ నాన్న పోలికే," అంది ఉమ. అందరూ గొల్లున నవ్వారు.

కారెక్కాక గిరిజ సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ అడిగింది. "మరి నాదేదండీ?"

చక్రపాణికి అప్పుడు గుర్తొచ్చింది. గిరిజని ఒక్కటీ తీయలేదు.

ఇంటికి రాగానే ల్యాప్‌టాప్ ముందు కూలబడ్డాడు. గిరిజ కెమెరా బాక్స్ తెచ్చి బల్లమీద పెట్టింది. వెతగ్గా వెతగ్గా చెప్పుల ఫొటోలే ఎనిమిది తేలాయి. చివరికి పాప ఫొటో మళ్ళీ తెరిచాడు. వెనక వంటింటి గుమ్మంలో ఆకుపచ్చ మరకొకటి కనిపించింది. గిరిజ చీర! దానిమీద నొక్కాడు.

పాప మసకబారింది. గిరిజ తేటపడింది. చేతిలో ప్లేటు, అందులో ఫొటోల హడావిడిలో టిఫిన్ మరిచిన మొగుడి కోసం తీసిపెట్టిన గారెలు. అందరూ పాపని చూస్తుంటే, ఆవిడ మాత్రం బోర్లా పడుకున్న ఆయన్ని చూసి మురిపెంగా నవ్వుతోంది.

చక్రపాణికి సిగ్గేసింది, కళ్ళు చెమర్చాయి. ఈ మనిషి ఇన్నేళ్ళూ తనని ఇలాగే చూస్తుంటే, తను రెయిలింగులు చూసుకుంటూ గడిపేశాడు.

గిరిజ ఆ ఫొటోని చాలాసేపు చూసింది. "జడలో పూలు వంకరగా ఉన్నాయి," అని, బాక్స్ తీసుకెళ్ళి రీసైకిల్ బిన్‌లో పడేసింది.

ఆ ఊపులో చక్రపాణి పాత నయాగరా ఫొటో కూడా తెరిచి, పసుపు మరక మీద టకటకా నొక్కాడు. రెయిలింగ్ మీది తుప్పు చెక్కుచెదరలేదు.

"అది పాత కెమెరాది, ఎంత నొక్కినా రాదండీ," అంది గిరిజ, ఆయన భుజం మీద చెయ్యేసి. "మళ్ళీ తీసుకెళ్ళండి."