మైనస్ అర డిగ్రీ

మా బావ మీద పడ్డ నిందకు కారణం నేనే. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది.

బావ చేపల కోల్డ్ స్టోరేజిలో పనిచేస్తాడు. పన్నెండేళ్లుగా ఆ గది తాళంచెవి ఆయన నడుముకే వేలాడుతోంది. లోపల చలి ఎంతుందో గంటగంటకీ చూసి పుస్తకంలో రాసేవాడు. "ఈ కాలంలో కూడా చేత్తో రాయడమేంటి బావా!" అని వెక్కిరించి, గోడకో చిన్న పరికరం బిగించి, దాన్ని ఆఫీసు కంప్యూటరుకి కలిపింది ఎవరు? ఈ మహాతల్లే.

పరికరం అంకెల్ని పొట్లం కట్టి పంపితే, అవతల కంప్యూటరు విప్పుకోవాలి. ఆ పనికి 'మూట' అని ఒక లైబ్రరీ ఉంది. అంటే ఎవరెవరో రాసి, వాడుకోండి, బాగుచేయండి అని అందరికీ వదిలేసిన కోడ్. ఒక్క లైను కొడితే ఇన్‌స్టాల్ అయిపోయింది. ఆఫీసుదాంతోపాటు నా కంప్యూటర్లోనూ వేసుకుని, "చూశావా, చిటికెలో పని!" అని బావ ముందు చిటికె కూడా వేశాను.

నెల తిరిగేసరికి ఓ సోమవారం మేనేజరు బావని పిలిచాడు. ఆ గది ఎప్పుడూ సున్నాకి దిగువనే ఉండాలి. కంప్యూటరేమో వారం నుంచి సున్నాకి పైన అర డిగ్రీ చూపిస్తోంది. "తలుపు వేయడం మరిచిపోతున్నావు" అన్నాడు. "గోడమీద థర్మామీటరు మైనస్ అరే చూపిస్తోందండీ" అని బావ అంటే, "నువ్వు చూపించేటప్పుడు వేసే ఉంచుతావులే" అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నంలోగా రుజువు తేకపోతే తాళంచెవి ఇంకొకరికిస్తాడట.

ఇంటికొచ్చి చెబితే మా అక్క అన్న మొదటి మాట: "ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఏనాడైనా సరిగ్గా వేశారా మీరు?"

బావ నవ్వాడు గానీ, కంచం ముందునుంచి సగంలోనే లేచిపోయాడు. 

మర్నాడే తప్పు పట్టేశాను. పొట్లం విప్పేటప్పుడు మూట అంకెను రెండు ముక్కలు చేస్తుంది, చుక్కకు ముందుది, తర్వాతది. మైనస్ గుర్తును మొదటి ముక్క భుజాన వేస్తుంది. మైనస్ రెండున్నర అయితే ఆ రెండు మోస్తుంది. మైనస్ అర అయితే ముందున్నది సున్నా. సున్నా ఏం మోస్తుంది, దాని మొహం! మైనస్ అక్కడే రాలిపోయి, ఆఫీసు తెరమీద ప్లస్ అరగా కనబడుతోంది. మొన్నటిదాకా గది మైనస్ రెండులో ఉండేది. కొత్తరకం సరుకు వచ్చాక మైనస్ అరకు మార్చారు. అప్పటినుంచీ ఈ తంటా.

మేనేజరుకు చెబితే, "కాకి పిల్ల కాకికి ముద్దమ్మా. ఆ లైబ్రరీవాళ్లనే చెప్పమను" అన్నాడు.

మూటను చూసుకునే మనిషిని ఎవరూ చూడలేదు. ఫొటో ఉండాల్సిన చోట పిచ్చుక బొమ్మ ఉంటుంది. అందుకే నాకు పిచ్చుకగారు. ఆ గారికి రెండు పట్టింపులు. కోడ్ సరిచేసి పంపితే చాలదు, ఆ తప్పును పట్టిచ్చే పరీక్ష కూడా రాయాలి. తప్పువల్ల ఎవరికి ఏం ఇబ్బంది కలిగిందో కూడా రాయాలి.

కోడంతా దించుకుని, సరిచేసి, పరీక్ష నడిపాను. ఫెయిల్. మళ్లీ మార్చాను. ఫెయిల్. బుధవారమంతా ఇదే భాగోతం. గురువారం మధ్యాహ్నానికి నా ఓపిక చచ్చింది. ఫైలు మధ్యలో "నీ మొహం మండ, నీకో దండం" అని టైపు చేసి, ఠపీమని సేవ్ కొట్టి నడిపాను. అలాంటి చెత్త తగిలితే కంప్యూటరు అక్కడే ఆగి గగ్గోలు పెట్టాలి. పెట్టలేదు. ఎప్పటిలాగే నింపాదిగా, ఫెయిల్.

ఓరి దేవుడో! తిట్టినా ఉలకలేదంటే, నా తిట్టు దానికి చేరనేలేదన్నమాట. నెల క్రితం చిటికె వేసి ఇన్‌స్టాల్ చేశానే, ఆ పాత మూటే నడుస్తోంది. నేను రెండు రోజులుగా మరమ్మతు చేస్తున్నది పక్క ఫోల్డరులోది. పొయ్యిమీది కూరలో ఉప్పేస్తూ, నిన్నటి కూర రుచి చూస్తున్నట్టు. పాతది పీకేసి, నేను మార్చిందాన్ని ఇన్‌స్టాల్ చేశాను. ఈసారి తిట్టు దగ్గర ఆగి గగ్గోలు పెట్టింది. గగ్గోలు అంత ముద్దొస్తుందని నాకప్పటిదాకా తెలీదు. తిట్టు తుడిచేసి నడిపితే, పాస్!

సాయంత్రానికి పంపేశాను. ఇబ్బంది ఎవరికి అన్న చోట, "మా బావకి. పన్నెండేళ్లలో ఒక్కరోజు కూడా ఆ తలుపు మరిచిన మనిషి కాదు. ఇన్‌స్టాల్ చేసింది నేను, మాట పడింది ఆయన" అని రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది, దాచుకునేదేముంది.

శుక్రవారం పదకొండున్నరకి బావ తాళంచెవి విప్పి మేనేజరు బల్లమీద పెట్టేశాడు కూడా. అప్పుడొచ్చింది పిచ్చుకగారి జవాబు, కొత్త వెర్షన్‌తో సహా. ఏమేం మారాయో చెప్పే చోట ఇలా ఉంది: "సున్నాకీ మైనస్ ఒకటికీ మధ్య అంకెల్లో మైనస్ పోతోంది. సరిచేశాం. తప్పు మాదే. దీనివల్ల ఒక కోల్డ్ స్టోరేజి ఉద్యోగి మాట పడ్డారు. ఆయన తలుపు వేసే ఉంచారు."

నేను పరుగున వెళ్లి ఫోన్లో చూపిస్తే, మేనేజరు రెండుసార్లు చదివి, కొత్తది ఇన్‌స్టాల్ చేయించాడు. తెరమీద మైనస్ అర కనబడింది. "ఏమనుకోకయ్యా" అంటూ తాళంచెవి బావ వైపు జరిపాడు.

ఇంటికొచ్చాక బావ ఫ్రిజ్‌లోంచి నీళ్లసీసా తీసుకుని గటగటా తాగి, ఆ ఆఖరి వాక్యం అక్కకి మూడుసార్లు చదివి వినిపించాడు. "ప్రపంచమంతా చదువుతుందే ఇది!" అన్నాడు. వెనక వంటింట్లో ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. నేను నోరు తెరవబోయాను. అక్క నన్నో చూపు చూసింది. తనే లేచి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"ఏదీ, ఇంకోసారి చదవండి" అంది.