జ్వాల దగ్గర వనభోజనం

చక్రపాణి అయ్యవారికి పెళ్లి పని అప్పజెప్పినా వనభోజనం పని అప్పజెప్పినా ఒకటే. ముందు నెల రోజులు ప్లాను వేయాలి, విన్నవాళ్లు ఔరా అనాలి. ఆళ్లగడ్డ హైస్కూల్లో ఆయన తెలుగు చెబుతాడు. పుట్టింది అహోబిలంలో, గుడి కైంకర్యాల ఇంట్లో. అందుకే డెబ్భై తొమ్మిదిలో అయ్యవార్లంతా కార్తీక వనభోజనాలు భవనాశి ఏటి లోయలో చేద్దామనుకోగానే, పెత్తనం ఎవరూ ఇవ్వకుండానే వచ్చి ఆయన భుజమెక్కి కూర్చుంది.

ప్లానులో సగం మాత్రం డ్రిల్లు మాస్టరు యాకోబుదే. నంద్యాలలో చర్చి పక్క పేటవాడు. స్కౌటు పిల్లలను వెంటబెట్టుకుని ఆ లోయంతా తిరిగినవాడు. సాయంత్రం బడి వదిలితే ఇద్దరూ బస్టాండు దగ్గర టీ బంకులో చేరేవారు.

"మొదటి బస్సుకు దిగువ అహోబిలం. ఆడినుంచి ఎగువకు బండ్లు," అనేవాడు చక్రపాణి.

"గుడి వెనక ఏట్లోకి దిగితే రాళ్ల మీదనే నడక సామీ. పాచి ఉంటాది, చెప్పులిడిచి నడవాల. జ్వాలా నరసింహుని గుహ కాడికి పోయేసరికి ఆకలైతాది. ఆడ ఉసిరిచెట్టు ఉంది, దాని కింద అన్నాలు. ఓపికున్నోళ్లు ఆనక కొండ కొనన ఉండే ఉగ్రస్తంభం ఎక్కొచ్చు. పొద్దు గూకకముందే దిగాల, ఎలుగొడ్లు తిరుగుతాయి."

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా రుక్మిణమ్మ వల్ల వచ్చింది. ఆమె చక్రపాణి తల్లి. ఈ సంగతి చెవిన పడగానే, జ్వాలా నరసింహుణ్ణి చూసి ఎన్నాళ్లయిందో, నేనూ వస్తాను, వంట నేనే చేసుకొస్తాను అంది. పులిహోర, దద్దోజనం, చక్కెర పొంగలి. అయ్యవార్లంతా ఎగిరి గంతేశారు. చక్రపాణికి మాత్రం ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. అమ్మ మడి కట్టుకుని వండిన అన్నం, ఆ పంక్తిలో యాకోబు. తక్కిన కులాలవాళ్లంతా ఎలాగో సర్దుకుని కూర్చుంటారు, ఆ లెక్క ఆయన ఎప్పుడో వేసుకున్నాడు. యాకోబు దగ్గరే లెక్క తెగలేదు. రోజూ అతని పక్కన కూర్చుని టీ తాగే మనిషికి, టీ గ్లాసు దగ్గర లేని మడి పులిహోర దగ్గర ఎందుకు గుర్తొచ్చిందో ఆ నరసింహుడికే తెలియాలి.

మర్నాడు టీ బంకులో చక్రపాణి గ్లాసును అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి నోరు విప్పాడు.

"యాకోబూ, మా అమ్మ వస్తాంది గదా. పాతకాలం మనిషి. పట్టింపు జాస్తి. నాకైతే ఏం లేదప్పా, నీకు తెలుసు గదా..."

యాకోబు కొంచెంసేపు రోడ్డు మీద పోయే కోయిలకుంట్ల బస్సును చూశాడు.

"అన్నాల పొద్దుకు నేను ఆడ ఉండకూడదు. అంతేనా?"

"అట్లా కాదప్పా..."

"మీరు తినేటప్పుడు నేను స్తంభం దావ చూసొస్తాలే సామీ. వానలకు చెట్లు పడింటాయి. ఎవరో ఒకరు చూడాల్సిందే గదా. రొట్టె ఇంటికాడినుంచే తెచ్చుకుంటా."

చక్రపాణికి గుండెల మీది బండ దిగినట్టయింది. ఆ నిమిషంలోనే సిగ్గు కూడా వేసింది. అయితే బండ దిగిన సుఖం ముందు ఆ సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? ఆ రోజు టీ తనే ఇప్పించాడు. యాకోబు స్తంభం దారి చూసే సంగతి ప్లానులో చేరిపోయింది. అందరూ భేష్ అన్నారు.

అనుకున్న రోజు అనుకున్నట్టే అంతా జరిగింది. లోయ లోపలికి పోయేకొద్దీ రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగాయి, ఆకాశం సన్నబడింది. రుక్మిణమ్మ రాళ్ల మీద ఆగి ఆగి నడిచింది. ఒకచోట నీళ్లు వడిగా ఉంటే, వెనకే ఉన్న కొడుకును కాదని, ముందున్న యాకోబు వైపు చెయ్యి చాచింది.

"చెయ్యియ్యి నాయనా. వీనికి వాని కాళ్లే నిలవడంల్యా."

యాకోబు ఒక్క క్షణం తటపటాయించి చెయ్యిచ్చాడు. పైకి పోయాక, అంటు పోవడానికి, అమ్మ ఏట్లో మునుగుతుందిలే అనుకున్నాడు చక్రపాణి. ఆమె మునగలేదు. జ్వాల దగ్గరికి చేరి, గుహలో స్వామి ముందు గిన్నెలన్నీ పెట్టి, నైవేద్యం చేసి, కళ్లొత్తుకుని బయటికి వచ్చింది. అప్పటికే యాకోబు సంచీ తగిలించుకుని పైదారి పట్టాడు.

ఉసిరిచెట్టు కింద రుక్మిణమ్మ తన చేత్తోనే విస్తరాకులు పరిచింది. అందరూ కూర్చున్నాక ఒక ఆకు మిగిలింది.

"డ్రిల్లు అయ్యవారు యాడ?"

"ఆయప్ప దావ చూసేకి పోయినాడు. తినే వస్తాడులే అమ్మా, నువ్వు వడ్డించు," అన్నాడు చక్రపాణి.

"ఏందిరా తినేది? ప్రసాదం ఈడ పెట్టుకోని?"

చక్రపాణి ఆమె చెవి దగ్గరికి వంగి, మడి సంగతి గొణిగాడు. రుక్మిణమ్మ గంటె పట్టుకునే కొడుకును ఎగాదిగా చూసింది.

"స్వామికి పెట్టినాక అది స్వామిది. దానికి అంటు ఏందిరా? ఇంత కొండెక్కి మోసుకొచ్చి ముందు నైవేద్యం చేసింది ఎందుకనుకున్నావ్? పో, పిల్చుకురా."

చక్రపాణి లేచాడు. పైన మలుపు దగ్గర యాకోబు బండ మీద కూర్చుని సజ్జరొట్టె తింటున్నాడు. అప్పుడు నిజం చెప్పేస్తే పోయేది. పట్టింపు మా అమ్మది కాదు యాకోబూ, నాదే అని ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అమ్మ పిలుస్తాంది. నీకు ఆకేసింది," అన్నాడు.

"ఆయమ్మకు పట్టింపంటివే?"

"కొండెక్కినాక మనసు మారినట్టుంది."

యాకోబు మిగిలిన రొట్టె గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని లేచాడు.

రుక్మిణమ్మ అతన్ని కొడుకు పక్కనే కూర్చోబెట్టింది. రెండు గిన్నెలూ ముందు పెట్టుకుని అడిగింది.

"నీకు పులిహోర ఇష్టమో, దద్దోజనం ఇష్టమో కనుక్కోరా అని వీనికి వారం ముందే చెప్తి నాయనా. అడిగినాడా?"

చక్రపాణికి తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మ నిజంగానే చెప్పింది. ఆయన అడగలేదు. అడిగితే యాకోబుకు ఆశ పుడుతుందని, అదేదో అతని మేలు కోరినట్టే, మానేశాడు. ఇప్పుడు ఇంతమంది ముందు యాకోబు ఒక్క మాట అంటే చాలు, ఆళ్లగడ్డలో తను తల ఎత్తుకు తిరగలేడు.

"అడిగినాడమ్మా," అన్నాడు యాకోబు. "రెండూ ఇష్టమే అంటి."

"అట్ల చెప్పు మరి!" అని ఆమె రెండూ నిండుగా వడ్డించి, పక్కవాళ్ల వైపు పోయింది.

సిగ్గుతో చక్రపాణి ఒళ్లంతా చచ్చిపోయింది. దెబ్బ కొట్టినవాడికంటే దెబ్బ కప్పిపుచ్చినవాడే ఎక్కువ నొప్పి పెడతాడని ఆయనకు అప్పుడే తెలిసింది. ఈ రోజు నుంచి ఇక వేరే మనిషిగా ఉండాలి, ఈ మనిషి ముందు ఇంకెప్పుడూ అబద్ధమాడకూడదు అని అన్నం ముందే గట్టిగా అనుకున్నాడు. మనస్ఫూర్తిగానే అనుకున్నాడు.

యాకోబు అన్నం కలపడానికి వంగాడు. అతని మోచెయ్యి చక్రపాణి ఆకు అంచుకు తగిలింది. చక్రపాణి ఎడమచెయ్యి, అడగకుండానే, ఆకును ఒక బెత్తెడు ఇవతలికి లాగింది.

యాకోబు చూశాడు. ఏమీ జరగనట్టే తన ఆకును కూడా ఒక బెత్తెడు అవతలికి జరుపుకుని, తల వంచుకుని తినసాగాడు.