అడిగిన మనిషి

కెంజెబెక్ వ్యాన్ ముందు మూత ఎత్తి రేడియేటర్లో వేడినీళ్ళు పోస్తుంటే, ఎదురుగా ఉన్న ఇంటి కిటికీలోంచి గుల్‌బారా గొంతు వినబడుతూనే ఉంది. ఏ ఊళ్ళో ఏ ఇంటి బయట నిలబడినా అదే గొంతు, అవే మాటలు.

"గడిచిన రెండు వారాల్లో, అక్కా, మనసు దిగులుగా ఉన్న రోజులు ఎన్ని ఉంటాయి? ఏ పని మీదా ఆసక్తి లేదనిపించిందా?"

"దేవుడి దయ. మాకేం తక్కువ తల్లీ," అంటోంది ఇంటావిడ.

అందరూ అలాగే మొదలుపెడతారు. గుల్‌బారా తొందరపడదు. టీ తాగుతూ కూర్చుంటుంది. కాసేపటికి ఇంటావిడ గొంతు కిందికి దిగుతుంది. అప్పుడు కెంజెబెక్ మర్యాదగా వ్యాన్ వెనక్కి నడుస్తాడు. కొండల్లో వాళ్ళ మనసు ఎలా ఉంది, మైదానంలో వాళ్ళ మనసు ఎలా ఉంది, పట్నంలో వాళ్ళది ఎలా ఉందో సర్కారువాళ్ళు పోల్చి చూస్తారట. రాజధాని నుంచి వచ్చిన ఈ అమ్మాయిని ప్రతి ఊళ్ళోనూ అతనే పరిచయం చేస్తాడు. "పశువుల లెక్క కాదు, భయపడకండి. ఈవిడ దుఃఖాల లెక్క రాసుకుంటుంది."

బలమైన మనిషి, ఎండకీ గాలికీ మెడ ఎర్రగా కాలిపోయింది. ఒకసారి జాకీ జారి నలిగిన రెండు వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. వెనకటి సామూహిక వ్యవసాయ క్షేత్రంలో లారీ తోలాడు, తర్వాత పాలబండి, ఇప్పుడు ఈ బూడిదరంగు వ్యాన్. లోపల ఎవరి పనో అవుతుంటే బయట కాచుకుని ఉండటం అతనికి అలవాటైన పని. అందులో విసుగుపడ్డది లేదు.

ఆ రోజు వంతు మాత్రం అతని సొంత ఊరు తాష్‌బులాక్‌ది. ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చిన గుల్‌బారా నీలంరంగు గేటు ముందు ఆగింది. అది అతని ఇల్లే.

"దీన్ని వదిలెయ్యమ్మా. పక్కింటికి పోదాం."

"కుదరదన్నా. లెక్కలో వచ్చిన ఇల్లు వదలకూడదు."

ఆ రోజు తర్వాత ఇంట్లో ఎవరి పుట్టినరోజు ముందు వస్తే వాళ్ళని అడగాలి. కెంజెబెక్‌ది మార్చి, ఎప్పుడో అయిపోయింది. అతని భార్య బుబుసరాది నవంబరు. వాకిట్లో ఉన్ని దులుపుతున్న బుబుసరా చేతులు తుడుచుకుని, లోపలికి రమ్మంది. అలవాటు ప్రకారం అతనూ గుమ్మం దగ్గర బూట్లు విప్పబోయాడు.

"మీరు బయట ఉండాలన్నా," అంది గుల్‌బారా నొచ్చుకుంటూ. "ఇంట్లోవాళ్ళు ఎవరూ వినకూడదు."

తన ఇంటి వాకిట్లో తనే డ్రైవరులా నిలబడ్డాడు.

మొదట బుబుసరా నవ్వు వినిపించింది. అలాంటి నవ్వు ఈ మధ్య ఎప్పుడూ విన్నది లేదు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కెంజెబెక్ రెండు దుంగలు చీల్చాడు. మూడోదాని మీద గొడ్డలి దిగేసి, కట్టెలు సర్దే మిషతో కిటికీ పక్కకి జరిగాడు. లోపలినుంచి అతను బాగా ఎరిగిన చెయ్యి ఒకటి వచ్చి తెర అడ్డంగా లాగేసింది.

గేటు దగ్గర గుర్రం ఆపాడు ఎదురింటి తుర్దాకున్.

"ఏం కెంజెబెక్, సొంతింటికే కాపలా పడ్డావా?"

"లోపల సర్కారు పని నడుస్తోంది."

"మీ ఆవిడతో సర్కారుకేం పని?"

"సుఖంగా ఉందో లేదో అడుగుతున్నారు."

తుర్దాకున్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అయితే నీ వ్యాన్ ఈ పూటకి కదలదులే," అని గుర్రాన్ని అదిలించాడు.

ఆ మాటకి కెంజెబెక్ మనసులో పాత ముల్లు మళ్ళీ కదిలింది. ముప్పై ఏళ్ళ కిందటి ముల్లు. బుబుసరా అప్పట్లో నారిన్ పట్నంలో టీచరు చదువు చదువుతోంది. సెలవులకి వచ్చి బస్సు దిగుతుంటే, అతనూ ఇద్దరు స్నేహితులూ కలిసి ఆమెని లారీలోకి ఎత్తేశారు. అప్పట్లో చాలామంది పెళ్ళి అలాగే చేసుకునేవాళ్ళు. అతని అమ్మా, మేనత్తలూ ఆమెని తెర వెనక కూర్చోబెట్టి పెళ్ళయిన గుర్తుగా తలకి తెల్లగుడ్డ కట్టారు. రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు లేచి పిండి కలిపింది. ఆ లేవడాన్నే ఒప్పుకోవడం అనుకున్నారు ఇంటిల్లిపాదీ. అతనూ అదే అనుకున్నాడు, కానీ ఆ రెండు రోజులూ ఎవడి కోసం ఏడ్చిందన్న అనుమానం మాత్రం అతన్ని వదల్లేదు. ఆ ఎవడికో ఒక మొహం కూడా తయారుచేసుకున్నాడు. పొడుగ్గా ఉంటాడు, చేతులు శుభ్రంగా ఉంటాయి, పుస్తకాలు పట్టుకుని తిరుగుతాడు. పెళ్ళిళ్ళలో అలాంటివాడు ఎవడైనా బుబుసరాని పలకరిస్తే కెంజెబెక్ మాంసం ముద్ద పళ్ళెంలోనే వదిలేసేవాడు. నారిన్‌కి బేరం వస్తే బండి బాగాలేదనేవాడు. ఆమె అక్క ఆ ఊళ్ళోనే ఉన్నా, చూసిరావడానికి ఏళ్ళ తరబడి ఏదో అడ్డం పెడుతూనే వచ్చాడు. ఆమెని మాత్రం ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు తెర వెనక ఆ పేరు బయటికి వస్తోందేమో. ఇంతకాలం పక్కన పడుకున్న తనకి కాక, నిన్నగాక మొన్న వచ్చిన పట్నం పిల్లకి.

తలుపు తెరుచుకునేసరికి పొద్దు వాలింది. గుల్‌బారా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బుబుసరా మొహం మటుకు వాన వెలిసిన కొండలా తేటగా ఉంది. ఆ తేటదనమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

వ్యాన్ ఊరి చివరి ఇంటివైపు తిప్పుతూ అడిగాడు. "ఏం చెప్పింది?"

"చెప్పకూడదన్నా."

"ఎవరి పేరైనా ఎత్తిందా?"

గుల్‌బారా ఒళ్ళోని కాగితాలు సంచిలో పెట్టేసింది.

"ఇన్ని ఊళ్ళు తిప్పాను. నన్నొక్కడైనా అడిగాడా, నీ మనసెలా ఉందిరా అని?"

"మీది మార్చి కదన్నా," అందామె. "వెళ్ళి ఆమెనే అడగండి."

సాయంత్రం పొయ్యి పక్కన బుబుసరా టీ పోసి గిన్నె అందించింది. కెంజెబెక్ దాన్ని తాగకుండా చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, తనకి తెలిసిన ఒకే పద్ధతిలో మొదలుపెట్టాడు.

"గడిచిన రెండు వారాల్లో... మనసు దిగులుగా ఉన్న రోజులు ఎన్ని?"

బుబుసరాకి నవ్వు ఆగక టీ ఒలికిపోయింది. అతను నవ్వట్లేదని చూసి ఆగింది.

"ఆ పిల్లకి చెప్పావుగా," అన్నాడు.

"ఆ పిల్ల అడిగింది."

కెంజెబెక్ పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు.

"సరే, ఇప్పుడు నేనూ అడుగుతున్నా. వాడెవడు?"

"ఎవడు?"

"నారిన్‌లో. నువ్వు ఎవడి కోసం ఏడ్చావో వాడు."

బుబుసరా తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"ఇన్నేళ్ళూ మగవాణ్ణి వెతుకుతున్నారా మీరు?" అంది. "ఎవడూ లేడు. హాస్టల్లో కిటికీ పక్కన నాకో మంచం ఉండేది. ఇంకో ఏడాది చదివితే టీచర్నయ్యేదాన్ని. దాని కోసమే ఏడ్చాను."

కెంజెబెక్ గిన్నె కింద పెట్టాడు. ఇన్నాళ్ళూ తను పళ్ళు నూరిన ఆ పొడుగువాడు ఒక్కసారిగా లేకుండా పోయాడు. కుళ్ళు మాత్రం పోలేదు. ఒక మంచాన్ని చూసి, ఒక కిటికీని చూసి మనిషి ఎలా కుళ్ళుకోవాలి? వాటిని పట్టుకుని కొట్టడానికీ వీల్లేదు, వాటికన్నా నేనే మెరుగని చూపించుకోవడానికీ వీల్లేదు.

"చెడ్డగా చూశానా నిన్ను?"

"లేదు. చెడ్డగా చూడలేదు. అడగలేదు, అంతే."

తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది. అక్క నారిన్‌లో చిన్నపిల్లల బడి నడుపుతోంది. అక్షరాలు నేర్పే మనిషి కావాలని ఎన్నాళ్ళనుంచో పిలుస్తోంది. గుల్‌బారా తెల్లవారి నారిన్ మీదుగానే వెళుతుందట. తనూ ఆ వ్యాన్‌లోనే వెళుతుంది.

"వద్దంటే?"

"వద్దంటున్నారా, అడుగుతున్నారా?"

కెంజెబెక్ చల్లారిన టీ తాగేశాడు. "అడుగుతున్నా."

"అయితే వెళతాను."

తెల్లవారి అతనే బండి తోలాడు. ఆడవాళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. అద్దంలో చూడకుండా ఉండాలనుకుంటూనే దారంతా చూశాడు. అక్క ఇంటి ముందు మూట దింపి, "వసంతానికి వస్తావా?" అన్నాడు.

"అప్పుడు వచ్చి అడగండి," అంది బుబుసరా. అతని కోటు పైగుండీ పెట్టి, వెనక్కి తిరగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇల్లు చేరేసరికి కొట్టంలో ఆవు పొదుగు బిగిసి అరుస్తోంది. పక్కన కూర్చుంటే తన్నింది. బతిమాలితే మళ్ళీ తన్నింది. చివరికి కెంజెబెక్ లోపలికి వెళ్ళి, పాలు పితికేటప్పుడు బుబుసరా తొడుక్కునే దూదికోటు మేకు మీదనుంచి తీసుకొచ్చి తొడుక్కున్నాడు. భుజాల దగ్గర కుట్లు పటపటమన్నాయి. చేతులు మోచేతుల కిందికి రాలేదు. ఆవు ఆ కోటు అంచుని చాలాసేపు వాసన చూసింది, తర్వాత కుదురుగా నిలబడి పాలు చేపింది. వాసనతోనే దానికి సరిపోయింది. గోరువెచ్చటి పొదుగుకి నుదురు ఆనించి పితుకుతూ, ఆ ఆవుని చూసి కూడా అతనికి ఈర్ష్య కలిగింది.

పాలు లోపల పెట్టి, కోటు జాగ్రత్తగా విప్పి, తీసిన చోటే తగిలించాడు. మేకుకి వేలాడుతున్న ఆ కోటు చేతులు ఆమె వంచినట్టే ఇంకా మోచేతుల దగ్గర వంగి ఉన్నాయి.