సజ్జచేలో పడిన డ్రోను

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు బోడిగుట్టపల్లెలో జయమ్మ సజ్జచేలో ఒక డ్రోను పడింది. పడగొట్టింది జయమ్మే. పిట్టల్ని తోలే వడిసెలతో, ఒక్క రాయితో.

బోడిగుట్టపల్లె పుంగనూరుకు దగ్గర. ఊరికి ఎగువన సోలార్ ప్లాంటు పెట్టడానికి ఒక కంపెనీ దరఖాస్తు చేసింది. ఇలాంటి ప్లాంట్లకు అనుమతులు త్వరగా ఇవ్వడానికి కొత్త పద్ధతి వచ్చింది. అధికారులు చేను చేనుకూ తిరగరు. వేసవిలో ఉపగ్రహం తీసిన ఫొటోలో బీడుగా కనిపించిన పట్టా భూములను ప్లాంటుకు ఇచ్చే జాబితాలో పెడతారు. పంట కాలంలో డ్రోను ఒకసారి ఎగిరి చూస్తుంది. పైరు కనిపిస్తే ఆ భూమిని జాబితా నుంచి తీసేస్తారు. కనిపించినట్టు గడువులోగా ఎవరూ చూపకపోతే అనుమతి వచ్చినట్టే. ఈ ఊరికి గడువు సోమవారం సాయంత్రం.

జయమ్మకు ఉన్నది రెండెకరాలు. కూలి చేసుకునే ఆమె అత్తమామలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూమి. వేసవిలో అది బీడే. వాన పడ్డాకే దున్నుతారు. జాబితాలో తన సర్వే నంబరు ఉందని ఆమెకు తెలుసు. డ్రోను ఎందుకు వస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

డ్రోనును ఎగరేసింది కుప్పం నుంచి వచ్చిన అరుణ్ కుమార్. అతనికి జీతం ఇచ్చేది కంపెనీ. డ్రోను పడగానే పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఎంత పని చేస్తివమ్మా! లక్షల మిషను అది.”

“మా చేను పైన నీకేం పనప్పా? కొలిచేవోడు గట్టు మింద నిలబడి అమ్మా అని పిలుస్తాడు. దొంగసూపు సూసేవోడే పైనుంచి సూస్తాడు.”

“గవర్నమెంటు పని మింద వచ్చిండాను.”

“అట్లయితే గవర్నమెంటోళ్లనే రమ్మను. వాళ్ల చేతికే ఇస్తా.”

పక్క చేను రెడ్డెప్పది. తన ఆరెకరాలు కంపెనీకి కౌలుకు ఇస్తూ ఆయన అప్పటికే సంతకం చేశాడు. గట్టు మీదికి వచ్చి చూశాడు.

“నేను కాకి మింద ఇసిరితే మా ఎద్దుకు తగులుతాది. నువ్వు ఇమానాన్నే కొడ్తివే జయమ్మా.”

“నవ్వు రెడ్డెప్పన్నా, నవ్వు. ఒళ్లో ఇంగో రాయి ఉండాది.”

ఆమె డ్రోనును గోతాంలో వేసి ఇంటికి తీసుకెళ్లి తాళం వేసింది.

మధ్యాహ్నం అరుణ్ కుమార్ మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

“కేసు లేకుండా సూస్తానమ్మా. మిషను కూడా నీ దగ్గరే ఉండనీ. దాంట్లో ఉండే కార్డు ఇస్తే సాలు.”

“లక్షల మిషను వద్దంట, గోరంత కార్డు కావాలంట. యాలప్పా?”

“దాంట్లో ఏం లేదు. మీ చేను దాకా రాకముందే పడిపాయె.”

“రాకముందే పడింటే మా చేలో యాల ఉండాది?”

అతను బండెక్కాడు. శనివారం కంపెనీ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది.

ఆదివారం సాయంత్రం రెడ్డెప్ప జయమ్మ ఇంటికి వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు.

“ఆ డ్రోను పిల్లోడు నా దగ్గరికీ వచ్చినాడు. జయమ్మ చేలో పైరు లేదని రాసియ్యమన్నాడు.”

“రాసిస్తివా?”

“కౌలుకు సంతకం పెట్టినా. కండ్లు కౌలుకు ఇయ్యలేదు. పొద్దున్నే గోతాం తీసుకోని రా, పుంగనూరు పోదాం.”

సోమవారం ఉదయం తహసీల్దారు ఉషారాణి బల్ల మీద జయమ్మ గోతాం పెట్టింది. ఫిర్యాదు చేతిలో ఉన్న ఎస్సై అక్కడే ఉన్నాడు. అరుణ్ కుమార్ కూడా వచ్చాడు. కార్డు దెబ్బతిని ఉంటుందని, బెంగళూరుకు పంపితే వారంలో చెబుతారని అన్నాడు.

“గడువు ఈ సాయంత్రం. వారం తర్వాత చెబితే నాకేం ఉపయోగం?” అని ఉషారాణి కార్డు తీయించి కంప్యూటర్లో పెట్టించారు.

కార్డు తెరుచుకుంది. గుట్టలు, బీళ్లు, రెడ్డెప్ప దున్ని వదిలిన చేను వరసగా వచ్చాయి. చివరి ఫొటోలో సజ్జ కంకులు. వాటి మధ్య భుజాల దాకా మునిగి ఒక ఆడమనిషి పైకి చూస్తోంది. వడిసెల పట్టిన చెయ్యి లేచి ఉంది. ఫొటో కింద జయమ్మ సర్వే నంబరు, తేదీ, సమయం ఉన్నాయి.

“ఇది మీరేనా?” అని ఎస్సై అడిగాడు.

“నేనే సారూ. కొట్టిండేది నేనే, రాసుకోండి. సజ్జలు నావేనని కూడా రాయండి.”



ఆ ఫొటో మధ్యాహ్నం మదనపల్లెలోని పై అధికారుల ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం జయమ్మ సర్వే నంబరును జాబితా నుంచి తీసేశారు. మిగతా భూముల్లో ప్లాంటుకు అనుమతి వచ్చింది. జయమ్మ మీద కేసు నమోదైంది. దానికి సాక్ష్యంగా పోలీసులు జతచేసింది కూడా ఆ ఫొటోనే.