ఎనిమిదిలో మూడోది

బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ తూటాను దొర్లించి, మెడ దగ్గర గోటితో గీరి, చెవి పక్కన ఆడించి, లింబాద్రి దాన్ని కుడివైపు డబ్బాలో వేశాడు. ఇంకోటి తీశాడు. దొర్లించాడు. ఆగాడు. మెడమీద వెంట్రుకంత చీలిక. ఎడమవైపు డబ్బా.

ఒళ్ళో ఈతచాపలా అల్లిన ఖర్జూరపు ఆకు చాట. చాట నిండా తూటాలు. పొద్దుటి ఎండ సౌదీలోని నజ్రాన్ కొండల మీంచి దిగి తోటలోకి ఇంకా రాలేదు. యాభై ఒకటో ఏట లింబాద్రి నడుము నిలబడ్డా కూర్చున్నట్టే ఉంటుంది. బొటనవేలి కొస మాత్రం పలకలా చదునై, గాజులా నున్నగా మెరుస్తుంది. ఆ వేలు ఇక్కడ అరిగింది కాదు. ఆర్మూరు దగ్గర బీడీల కార్ఖానాలో ఇరవై ఏళ్ళు ఛాటు తీసి అరిగింది. ఆడవాళ్ళు చుట్టి తెచ్చిన కట్టల్లోంచి వదులువీ, వంకరవీ, పొగాకు తక్కువవీ ఏరి పారేయడమే ఆ పని. లింబాద్రి చూసిన కట్టను మళ్ళీ ఎవరూ విప్పి చూసేవారు కాదు. బతుకులో అతనికి దక్కిన బిరుదు అదొక్కటే.

తొంభైలో జుబైల్‌లో హెల్పర్ పనికి వచ్చాడు. ఆరు నెలలు తిరక్కుండా యుద్ధం. ఆకాశంలో మిసైళ్ళు, నేలమీద మనుషులు, ఎవరి దారిన వాళ్ళు ఉరికారు. కంపెనీ మూతబడితే ఎవరో దక్షిణాన తోటపని ఉందన్నారు. యుద్ధానికి దూరమని వచ్చినవాడు తుపాకీ ఒళ్ళో పడ్డాడు. తోటపని అన్నది తూటాపనిగా తేలింది. మందుచుక్క దొరకని దేశంలో కడుపునిండా మందున్న వాటితోనే కాపురం కుదిరింది.

ఆ తుపాకీ అతన్ని పనికి పెట్టుకున్న కఫీల్ అబూ ఫారిస్‌ది. డెబ్బై దాటిన మనిషి, అందరికీ బాబా. అమెరికా సైన్యం ఎప్పుడో వాడి వదిలేసిన సరుకది. ఎనిమిది తూటాలను ఇనుప పట్టీలో బిగించి పైనుంచి ఒక్కసారిగా నొక్కాలి. ట్రిగ్గర్ లాగిన కొద్దీ ఒకటి పేలి, రెండోది దానంతటదే ఎక్కుతుంది. ఎనిమిదోది పేలగానే ఖాళీ పట్టీ 'టింగ్' మని ఎగిరిపడుతుంది. పెళ్ళిళ్ళలో ఆ టింగ్ కోసమే జనం చెవులు రిక్కిస్తారు.

బాబా కొడుకు ఒకసారి రియాద్ నుంచి మిలమిలలాడే వేట తూటాలు తెచ్చాడు. బాబా పెట్టె కూడా విప్పలేదు. "ముసలి ఒంటె మీద లారీ బరువు వేస్తావా?" అన్నాడు. వాటి జోరుకు తుపాకీలోని ఇనుప చెయ్యి వంగిపోతుందట. దానికి దాని వయసు తూటాలే పడాలి. అవేమో నలభై ఏళ్ళ కిందటి సైన్యపు డబ్బాలు. ఎన్ని గోదాముల్లో మూలిగాయో! ఒకే డబ్బాలో బంగారం, కిలుం పక్కపక్కనే పడుకొని ఉంటాయి.

మొదటి వారంలోనే బాబా కొడితే ఒక తూటా పేలలేదు. మళ్ళీ పెట్టి కొట్టాడు. ఊహూ. విసిరేశాడు. వాకిలి ఊడుస్తున్న లింబాద్రి దాన్ని తీసి, అలవాటు కొద్దీ వేళ్ళమధ్య దొర్లించి, "ఛాటు" అన్నాడు. పక్కన చాటలో ఉన్నవాటిలోంచి అడక్కుండానే ఇంకో నాలుగు తీసి అవతల పెట్టాడు. బాబా ఆ నాలుగూ కొట్టి చూశాడు. ఒక్కటీ పేలలేదు.

అదే లింబాద్రి చేసిన పొరపాటు. పని వచ్చని చూపించాడు. రెండేళ్ళ కాంట్రాక్టు ఏడేళ్ళయింది. ఇకామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఏటేటా కొత్తదవుతుంది, మనిషి ఏటేటా పాతబడతాడు. "ఇకామా అంటే ఏందనుకున్నవ్? ఇగ రామా అనుకునుడే" అని తానే నవ్వించేవాడు. ఇంటికి పోవడానికి ఎగ్జిట్ ముద్ర అడిగినప్పుడల్లా బాబా అతని చెయ్యి పట్టుకునేవాడు. కసురుకోడు, కొట్టడు. "నువ్వు పోతే ఎవరు ఏరతారు?" అనేవాడు, అంతే. తిట్టేవాడి దగ్గర్నుంచి పారిపోవచ్చు. మెచ్చుకునేవాడి దగ్గర్నుంచి ఎట్లా పోవడం?

పోయిన నెల భార్య ముత్యవ్వ క్యాసెట్ పంపింది. వెనక కత్తెర బీడీ ఆకును కోస్తున్న చప్పుడు. "గిదే ఆఖరుది. ఇగ మాట్లాడ. ఇనాలనుంటే వచ్చి ఎదురుంగ కూసోని ఇను." తర్వాత అరగంట కత్తెరే మాట్లాడింది.

ఆ క్యాసెట్ వినిపిస్తే బాబా ఒక మెట్టు దిగాడు. డ్రైవర్ దస్తగిరికి పని నేర్పితే, మనవడి పెళ్ళయ్యాక పంపిస్తానన్నాడు. ఆ పెళ్ళి ఇవాళే.

"ఏమన్నా, సూడు" అంటూ దస్తగిరి తన డబ్బా ముందుకు తోశాడు. కడప మనిషి, ముప్పై అయిదేళ్ళు, లారీ స్టీరింగ్ పట్టిన లావు వేళ్ళు.

లింబాద్రి పది తీశాడు. మూడు ఛాటు.

"నెల సంది గిదే. మూడంటే మూడే. ఒక్కటెక్కువ గాదు, ఒక్కటి తక్కువ గాదు."

"నా సేతికి రాదులేన్నా."

"ఏదీ, నా ముంగట ఏరు."

దస్తగిరి ఏరాడు. చీలిక ఉన్న తూటా దగ్గర అతని బొటనవేలు టక్కున ఆగింది. కళ్ళు లింబాద్రిని చూశాయి. చెయ్యి దాన్ని మంచి డబ్బాలోనే వేసింది.

"నీ వేలికి ఎర్కైంది. చెయ్యెందుకు అబద్ధమాడుతున్నది?"

దస్తగిరి తల దించుకున్నాడు. "నీ పని నేర్చుకుంటే నీ కుర్చీ గూడా నాదే గదన్నా. నువ్వు పోతావు, నేనీడ కూకుంటా ఏడేండ్లు. నాకూ ఇల్లుంది. నీ కాళ్ళు మొక్కుతా, నాకొద్దు."

ఒక మనిషి పోవాలంటే ఇంకో మనిషిని కుదువ పెట్టాలన్నమాట. లింబాద్రి చాట ఒళ్ళోంచి దించి తన గదిలోకి పోయాడు. ట్రంకుపెట్టెలో, ముత్యవ్వ క్యాసెట్ల కింద, ఆ మొదటి రోజు తూటా ఉంది. తోకమీద రెండు సొట్టలు. రెండుసార్లు కొట్టినా లేవనిది.

ఇవాళ పేల్చే పట్టీలో పెట్టడానికి కొత్తగా ఇంకో చెడ్డది ఏరబోతే చెయ్యి రాలేదు. సగం చచ్చిన తూటా అయితే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి పేలితే బాబా మొహం మిగలదు. ఇది పూర్తిగా చచ్చింది, ఎవరికీ ఏమీ చెయ్యదు. ఇరవై ఏళ్ళ బీడీలు, ఏడేళ్ళ తూటాలు కలిపి ఏ ఒక్కదాన్నీ ఇంత జాగ్రత్తగా చూడలేదు లింబాద్రి. దొర్లించాడు, గీరాడు, ఆడించాడు. పట్టీలో మూడో చోట పెట్టాడు. మొదటి రెండూ బాబా మర్యాదకు.

సాయంత్రపు అసర్ నమాజు తర్వాత చుట్టాలంతా మైదానంలో బారులు తీరారు. బాబా తుపాకీ ఆకాశానికి ఎత్తాడు. ఒకటి. రెండు. టక్.

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకెవడో "ముసలి తుపాకీ, ముసలి చెయ్యి" అన్నాడు. బాబా మొహం ఎర్రబడింది. ఇనుప చెయ్యి వెనక్కి లాగాడు. తూటా ఇసకలో పడింది. మిగతా అయిదూ పేల్చాడు. పట్టీ టింగ్ మంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బాబా నెమ్మదిగా వంగి ఇసకలోని తూటాను తీశాడు. తిప్పాడు. ఒక్క సొట్ట ఉండాల్సిన చోట మూడున్నాయి. చాలాసేపు బొటనవేలితో వాటిని తడిమాడు. తల తెగినా ఇప్పుడే తెగాలి అనుకున్నాడు లింబాద్రి.

బాబా అతన్ని చూడలేదు. చుట్టాల వైపు తిరిగి గట్టిగా అన్నాడు: "నా మనిషికి కళ్ళు పోయాయి. ఖలాస్. ఇంటికి పంపేస్తున్నా."

తూటాను జేబులో వేసుకున్నాడు.

ఎనిమిదో రోజు దస్తగిరి పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు, ఎగ్జిట్ ముద్రతో. లింబాద్రి క్యాసెట్లు సంచిలో సర్దుకున్నాడు. బాబా చుట్టాలతో కూర్చునే మజ్లిస్ తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. లోపల కాఫీ పోస్తున్న చప్పుడు. తలుపు తెరుచుకోలేదు. కళ్ళు పోయినవాడికి సెలవు చెప్పాలంటే కళ్ళలోకి చూడాలి కదా.

దస్తగిరి అతన్ని విమానం ఎక్కించి తిరిగొచ్చేసరికి పొద్దు కొండల మీదికి ఒరిగింది. లింబాద్రి గది గడప దగ్గర, రోజూ అతను కూర్చునే చోట, దస్తగిరి కోసమన్నట్టు ఎవరో చాట తెచ్చి పెట్టారు. అందులో ఒకే ఒక్క తూటా, తోకమీద మూడు సొట్టలతో, గాలికి అటూ ఇటూ దొర్లుతోంది.