చర్చిలో చదివిన కాలేజీ నోటీసు

2025 జూన్ 22, ఆదివారం ఉదయం 10 గంటల 50 నిమిషాలకు, బెంగాల్‌లోని ఒక రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు చర్చిలో సంఘ కార్యదర్శి లూకా కాలేజీ నోటీసు చదివాడు. అతను చదవాల్సింది సంఘ ప్రకటనలు.

లూకా అదే ఊళ్లో ఇందా పేటలోని ఒక చిన్న డిగ్రీ కాలేజీలో క్లర్కు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనలు చదివేదీ అతనే. పందొమ్మిదేళ్లుగా చదువుతున్నాడు. పై సంఘం నుంచి వచ్చే కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని ముందుగా తర్జుమా చేసుకునే అలవాటు అతనికి లేదు. చూపు ఇంగ్లీషు మీద ఉంటుంది, నోటి వెంట తెలుగు వస్తుంది.

శుక్రవారం సాయంత్రం హెడ్ క్లర్కు తపన్ మైతి అతనికి ఒక కాగితం ఇచ్చి, వెళ్తూ వెళ్తూ బోర్డుకు అంటించమన్నాడు. అది సెమిస్టర్ ముగింపు నోటీసు. సిబ్బంది సెలవులకు వెళ్లే ముందు ఏమేం చేయాలో అందులో ఉంది. ఆరింటికి చర్చిలో కమిటీ మీటింగు. లూకా ఆ కాగితాన్ని చర్చి ఫైల్లో పెట్టుకుని సైకిలెక్కాడు. శనివారం కాలేజీకి సెలవు. ఫైలు మళ్లీ తెరిచింది ఆదివారం, వేదిక మీద.

మొదటి పేజీ సంఘానిదే. బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. లూకా పేజీ తిప్పాడు.

“ఉపాధ్యాయులందరూ పరీక్ష మార్కులను ఈ నెల 27వ తేదీ సాయంత్రం ఐదు గంటల లోగా అప్పగించాలి.”

సండే స్కూలు టీచరు ఎమిలీ పెన్ను తీసింది. మేలో పిల్లలకు పెట్టిన బైబిలు పరీక్ష మార్కులు ఆమె ఇంకా ఇవ్వలేదు. అరచేతి మీద తేదీ రాసుకుంది.

“గదులు వదిలే ముందు ఫ్యాన్లు, లైట్లు ఆపి, కిటికీలకు గడియ పెట్టాలి.”

కొందరు తలెత్తి ఫ్యాన్ల వైపు చూశారు. ఎనిమిది ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

“ఇళ్లకు తీసుకెళ్లిన పుస్తకాలను వెంటనే తిరిగి ఇవ్వాలి.”

వెనక బెంచీలో ఒకాయన సంచిలోంచి పాటల పుస్తకం తీసి బెంచీ మీద పెట్టాడు.

“నాలుగు. పదేళ్లు ఎడతెగకుండా పనిచేసిన కాంట్రాక్టు సిబ్బందిని పర్మనెంట్ చేసేందుకు దరఖాస్తులు తీసుకోబడును. సర్వీసుకు రుజువు జతచేసి, సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటల లోగా కాలేజీ ఆఫీసులో…”

లూకా ఆగాడు. కాగితం మీది ముద్ర చూశాడు. ఫైలు మూశాడు.

స్త్రీల వైపు మూడో వరసలో సరోజమ్మ లేచి నిలబడింది. ఆమెకు యాభై రెండేళ్లు. అదే కాలేజీలో, జువాలజీ ల్యాబ్‌లో కాంట్రాక్టు అటెండెంటు. నోటీసు శుక్రవారమే స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. ఆమెది బటన్ల ఫోను.

“అన్నా, ఆ ముక్క మళ్లీ సదువు,” అంది.

“ఇది చర్చిది కాదమ్మా. పొరపాటున…”

“ఎవులిదైనా సదువు.”

పాస్టరు విల్‌ఫ్రెడ్ కుర్చీలోంచి అన్నాడు. “మొదలెట్టినాక ఆపుతావేటి లూకా? చదివేయ్.”

లూకా నాలుగో అంశాన్ని రెండోసారి చదివాడు. తర్వాత ఐదో అంశం కూడా చదివాడు. రిటైరవుతున్న బెంగాలీ లెక్చరరుకు గురువారం వీడ్కోలు, టీ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఆమెన్ అన్నారు.

ఆరాధన ముగిశాక గేటు దగ్గర సరోజమ్మ లూకా సైకిలు హ్యాండిల్ పట్టుకుంది.

“ఎల్లుండి దాకా ఆగరా?”

“ఆగరు. రెండింటికి కమిటీ కూకుంటాది. లిస్టు అప్పుడే ఎల్లిపోతాది. ఇంకో లిస్టు ఎప్పుడో తెల్దు.”

“పన్నెండేళ్లు సేసినాను. దేవుడికి తెలుసు.”

“దేవుడి సంతకం మైతీ దాదా ఒప్పుకోడు. కాయితం కావాల.”

“కాయితాలన్నీ కంట్రాక్టర్ల కాడే. మొదటోడు దుకాణం ఎత్తేసినాడు. రెండోడు ఒడిశా ఎల్లిపోనాడు. ఇప్పుడున్నోడికి నాను రెండేళ్లే తెలుసు.”

“కాలేజీలో నీ పేరు ఎక్కడా రాయనే లేదా?”

సరోజమ్మ ఆలోచించింది.

“తాళాల బుక్కులో రాసినాను,” అంది. “రోజూ.”

తాళాల బుక్కు గేట్‌మన్ వెంకటరావుది. అతనికి డెబ్బై మూడు. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా రిటైరై, 2013 జనవరిలో కాలేజీ గేటు దగ్గర చేరాడు. చేరిన రోజే ఒక రిజిస్టరు కొని గీతలు గీశాడు. ఏ గది తాళం, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చారు, సంతకం. ఎవరూ అతన్ని అడగలేదు. రైల్వేలో చార్జి ఇచ్చినా, పుచ్చుకున్నా సంతకం ఉండాలి. అతనికి వేరే పద్ధతి తెలియదు. లెక్చరర్లు నవ్వేవారు. ఇది కాలేజీ దాదా, రైల్వే కేబిన్ కాదు అని ఒకాయన అంటే, సంతకం లేకుండా తాళం చెయ్యి మారితే బండి పట్టాలు తప్పుతుందని వెంకటరావు చెప్పాడు. ఇక్కడ బండి లేదుగా అన్నాడాయన. “అందుకే తప్పలేదు” అన్నాడు వెంకటరావు.

మధ్యాహ్నం 1.35కి లూకా, సరోజమ్మ మలంచా పేటలో వెంకటరావు ఇంటికి చేరారు. అతను అన్నం తింటున్నాడు.

“ఏటిది? ఆదోరం పూట సర్చి మా ఇంటికొచ్చేసినాదేటి?”

“బాబాయ్, నీ తాళాల బుక్కులు కావాల,” అంది సరోజమ్మ.

“ఏ సమచ్చరానివి?”

“అన్నీ.”

వెంకటరావు చెయ్యి కడుక్కున్నాడు. 2018లో కాలేజీ గది ఖాళీ చేసి పాత కాగితాలను చిత్తువాడికి వేసినప్పుడు, ఆ కుప్పలోంచి తన రిజిస్టర్లు ఏరి ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత ఏ ఏటికాయేడు పుస్తకం నిండగానే తెచ్చేవాడు. మంచం కింద రేకు పెట్టెలో పన్నెండు పుస్తకాలున్నాయి. పదమూడోది, ఈ ఏడాదిది, గేటు దగ్గరుంది.

కోడలు ప్రశాంతి పెట్టె బయటికి లాగింది.

“దీన్ని పారెయ్యమని ఎన్నిసార్లు సెప్పినాను మావయ్యా!”

“పారేస్తే ఇప్పుడేటి సేద్దువే?”

“ఇప్పుడు పారెయ్యమన్నానేటి?”

నలుగురూ నేల మీద కూర్చుని పేజీలు తిప్పారు. సరోజమ్మ పేరు మొదటిసారి 2013 జూలై 8న కనిపించింది. జువాలజీ ల్యాబ్, ఉదయం 8.15, వేలిముద్ర. 2015 జనవరి 5న వేలిముద్ర పోయి, తెలుగులో ‘సరోజ’ అన్న సంతకం వచ్చింది. ఆ క్రిస్మస్ సెలవుల్లో ఆమె కూతురు జెనీ నేర్పింది. ప్రతి నెలకూ ఒక చీటీ పెట్టుకుంటూ వెళ్లారు. మధ్యలో రెండు పేర్లు పదేపదే వస్తుండటం లూకా గమనించాడు. గర్ల్స్ కామన్ రూమ్, జోగమ్మ. లైబ్రరీ, గంగాభవాని. వాళ్లదీ సరోజమ్మ లాంటి ఉద్యోగమే, పదేళ్లు దాటినదే.

“వాళ్లకి తెలుసా?” అన్నాడు.

“ఆలకెవులు సెప్తారు? బోర్డుకెక్కాల్సిన కాయితం నీ ఫైల్లో ఉంది,” అంది సరోజమ్మ.

ఆ సాయంత్రం ఆమె ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ ఇద్దరి ఇళ్లకూ నడిచి వెళ్లి చెప్పింది. లూకా మూడు ఫారాలు నింపాడు.

సోమవారం 11.10కి వెంకటరావు సైకిలు క్యారియర్ మీంచి రెండు గోనెసంచులు ఆఫీసు ముందు దిగాయి. లూకా, ముగ్గురు ఆడవాళ్లు అప్పటికే అక్కడున్నారు. తపన్ మైతి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

“ఎటా కీ? ఏమిటిది, చిత్తు కాగితాలా?”

“సర్వీస్ రికార్డు, దాదా,” అన్నాడు లూకా.

మైతి 2013 పుస్తకం తెరిచాడు. వేలిముద్ర ఎవరిదైనా కావచ్చన్నాడు. 2015 తెరిచాడు. ఈ అక్షరాలు ఎవరు చదవాలన్నాడు. నేను చదువుతానని లూకా అంటే, నువ్వు ఆమె చర్చివాడివి, నీ మాట చెల్లదన్నాడు. తెల్లకాగితం తీసి సరోజమ్మ ముందు పెట్టాడు. ఆమె సంతకం చేసింది. ఇంకోటి చేయమన్నాడు. చేసింది. మైతి ఆ కాగితాన్ని 2017 పుస్తకం పక్కన, తర్వాత 2022 పుస్తకం పక్కన పెట్టి చూశాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చాడు. జోగమ్మ, గంగాభవాని సంతకాలూ అలాగే చూశాడు.

“ఠీక్ ఆఛే, సరిపోయాయి,” అన్నాడు. అప్పుడు సమయం 11.31.

వెంటనే ఇంకో మాట అన్నాడు. “కానీ 2020. లాక్‌డౌన్‌లో కాలేజీ ఆరు నెలలు మూసేశారు. అక్కడ తెగింది. ఎడతెగకుండా అని నోటీసులో ఉంది. నేను రాసింది కాదు.”

జోగమ్మ గోడకు ఆనుకుంది. గంగాభవాని లూకా వైపు చూసింది. నోటీసులో సెలవుల గురించి, మూసిన రోజుల గురించి ఏమీ లేదని లూకా అన్నాడు. లేదు కాబట్టే తాను ముద్ర వేయలేనన్నాడు మైతి.

“దాదా, ఏక్ మినిట్ రుకో,” అన్నాడు వెంకటరావు.

రెండో సంచి అడుగున ఉన్న పుస్తకం తీశాడు. అట్ట మీద 2020. మార్చి పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

మార్చి 27, జువాలజీ ల్యాబ్, 8.10కి తీసుకుంది, 9.00కి తెచ్చింది, సరోజ. మార్చి 30, అదే. ఏప్రిల్ 2, అదే. బంద్ రోజుల్లో వెంకటరావు ఒక్కో తాళానికి విడిగా పేజీలు పెట్టాడు. పేజీకి పదిహేను గీతలుంటే పదిహేనింటిలోనూ ఒకే తాళం, ఒకే సంతకం. మూడు రోజులకోసారి, ఆదివారాలతో సహా, సెప్టెంబరు 29 దాకా. లూకా పైకి లెక్కపెట్టాడు. అరవై మూడు.

“కాలేజీ బంద్ కదా. ల్యాబ్‌లో ఏం పని?” అన్నాడు మైతి.

“సేపలు,” అంది సరోజమ్మ. “బంద్ అయిందని సేపలకెవులు సెప్పినారు దాదా?”

జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మరి ఈ ఇద్దరూ?”

“తిప్పు దాదా,” అన్నాడు వెంకటరావు. “ఒకల్దానికి కామన్ రూమ్, ఒకల్దానికి లైబ్రరీ. సెదలు పట్టకండా వారానికోపాలి తలుపులు తీసి ఊడిసినారు. నానే రమ్మన్నాను. సంతకాలున్నాయి, సూడు.”

మైతి పేజీలు తిప్పి చూశాడు. పుస్తకం చేతిలో పట్టుకుని ప్రిన్సిపల్ గదిలోకి వెళ్లాడు. ఐదుగురూ వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ప్రిన్సిపల్ రాధారాణి పాలిత్ 2020లో జువాలజీ లెక్చరరు. ఆమె ఆ పేజీలను రెండుసార్లు చదివింది. 2020 మార్చి 26 సాయంత్రం సరోజమ్మకు ఫోను చేసింది తానేనని చెప్పింది. అప్పుడు నాలుగు తొట్లలో ముప్ఫై ఎనిమిది చేపలున్నాయి. కాలేజీ తెరిచిన రోజు ఆమె లెక్కపెడితే ముప్ఫై ఐదు ఉన్నాయి.

“ఆ చేపలు ఎలా బతికాయనుకున్నారు, మైతిబాబూ?” అంది.

ఆమె మూడు ఫారాల మీదా ‘రిజిస్టర్లు చూశాను, సర్వీసు ఎడతెగలేదు’ అని రాసి సంతకం చేసింది. అప్పుడు 11.52. మైతి తన బల్ల దగ్గరికి వచ్చి ముద్ర తీసుకున్నాడు. ఇంకు ఆరిపోయి మొదటి ముద్ర పడలేదు. ప్యాడ్ మీద నీళ్లు చల్లి మళ్లీ వేశాడు. మూడో ఫారం మీద ముద్ర పడేసరికి 11.57.

ఆఫీసు బయట జోగమ్మ సరోజమ్మను పట్టుకుని ఊపింది.

“ఓలమ్మో, మనల్ని సేపలు గట్టెక్కించినాయే!”

“సేపలేటి? మీ లూకా ఫైలు గట్టెక్కించినాది,” అన్నాడు వెంకటరావు. “ఆ కాయితం బోర్డుకి అంటించుంటే ఇంగ్లీషులో ఎండిపోను.”

కిటికీలోంచి ఆ మాట విన్న మైతికి, నోటీసు బోర్డు మీద లేదన్న సంగతి అప్పుడే తెలిసింది. మంగళవారం లూకాకు మెమో ఇచ్చారు. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాడు. ప్రిన్సిపల్ దాని కింద ‘ఇక ముందు రెండు ఫైళ్లు వాడవలెను’ అని రాసింది.

జూలై 24న కమిటీ ఆర్డరు వచ్చింది. అందులో మూడు పేర్లున్నాయి. జూలై 27 ఆదివారం ప్రకటనల్లో లూకా మొదట సరోజమ్మ స్తోత్ర ప్రకటన చదివాడు. కాలేజీలో ఆగస్టు ఒకటి నుంచి ఆమె ఉద్యోగం పర్మనెంట్ అయిందని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక పాస్టరు విల్‌ఫ్రెడ్ అడిగాడు.

“లూకా, ఇది ఏ ఫైల్లోది?”

చర్చి అంతా నవ్వింది. సరోజమ్మ లేచి నిలబడి, అందరికీ చెయ్యెత్తి దండం పెట్టింది. వెనక బెంచీలో వెంకటరావు ఉన్నాడు. అతను చర్చికి రావడం అదే మొదటిసారి. ప్రశాంతి పక్కన కూర్చుంది. ఆమె ఒళ్లో ఒక సంచి ఉంది. సంచిలో కొత్త రిజిస్టరు. అట్ట మీద పేరు రాసే చోట కాలేజీ ముద్ర వేసి ఉంది. దాన్ని కాలేజీయే కొని ఇచ్చింది.

డిసెంబరు 19, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు సెమిస్టర్ ముగింపు నోటీసును లూకా కాలేజీ ఆవరణలో మైకులో చదివాడు. ఇంగ్లీషు, బెంగాలీ, హిందీ, తెలుగు, నాలుగు భాషల్లోనూ చదవాలని ప్రిన్సిపల్ ఆర్డరు. ఆరో అంశం ప్రకారం తాళాల రిజిస్టర్లు ఇకపై కాలేజీ రికార్డు. పాతవి పదమూడూ ఆఫీసు బీరువాలో ఉంటాయి.

కొత్త రిజిస్టరు 2026 జనవరి 2న మొదలైంది. మొదటి గీత మీద ఉన్నది ఇది. జువాలజీ ల్యాబ్, ఉదయం 8.05, సరోజ.