ఎల్లప్ప బంగారం

ఆండాలు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. తాను చేయి పట్టుకున్న మనిషి చచ్చిపోతాడని. ఒకసారి అట్లా జరిగింది కూడా. మొదటి మొగుడు ఎల్లప్ప జ్వరమని దవాఖానకు నడుచుకుంటూ పోయాడు, నాలుగో రోజు నలుగురు మోసుకొచ్చారు. అప్పటికి బిడ్డ అఖిలకు ఏడాదిన్నర.

ఇప్పుడు అఖిలకు నాలుగేళ్ళు. మలక్‌పేటలో తల్లి రుక్మాబాయి ఇంట్లోనే ఉండి, గాజులకు రాళ్ళు అతికించుకుంటూ రోజులు వెళ్ళదీస్తున్న ఆండాలును చేసుకుంటానని ఫలక్‌నుమా నుంచి అంజన్ వస్తే, ఆమె మూడు నెలలు ఔననలేదు. అతనిది లేత్ మిషన్ మీద పని. వచ్చినప్పుడల్లా అఖిలను బండి ముందర కూర్చోబెట్టుకుని గల్లీ అంతా తిప్పుకొచ్చేవాడు. చివరికి ఆ పిల్లే అడిగింది.

"అమ్మా, అంజన్ మనింట్ల ఎందుకు పండడు?"

రుక్మాబాయి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఆ వారమే మాట ఖాయమైంది.

ఉంగరాల కోసం పత్తర్‌గట్టిలో షఫీఉద్దీన్ దుకాణానికి పోయారు. ముసలాయన కొలత రింగుల గుత్తి తీసి, ఒక్కొక్కటే వేలికి తొడిగి చూసి, చీటీ మీద నంబరు రాసుకున్నాడు. అంజన్‌ది పద్దెనిమిది.

"నాకు సింహం బొమ్మది చెయ్ భాయ్," అన్నాడు అంజన్.

"ఇంట్ల పిల్లి దుంకితే మంచమెక్కుతడట, సింహం గావాల్నట," అంది ఆండాలు.

"మా అమ్మ చెప్పిందా? గామె అన్నీ చెప్తది!"

"లేత్ మిషన్ కాడ బొమ్మల ఉంగరం వద్దు బేటా, దేనికన్న తట్టుకుంటది," అని షఫీఉద్దీన్ సాదాది చూపించాడు. దానికే ఇద్దరూ సరేనన్నారు.

అఖిల గాలిబుగ్గలు కావాలని మారాం చేస్తే అంజన్ ఎత్తుకుని బయటికి తీసుకుపోయాడు. ఆ రెండు నిమిషాల్లోనే ఆండాలు కొంగుముడి విప్పి ఎల్లప్ప ఉంగరం బల్ల మీద పెట్టింది. అమ్మడానికి మనసు రాలేదు. కొత్త ఇంటికి పట్టుకుపోవడానికి ధైర్యం చాలలేదు.

"దీన్ని కరిగించి ఆయన ఉంగరంల కలుపు భాయ్. ఆయనకు చెప్పకు."

ముసలాయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "సోంచాయించి చెప్పు బేటీ. కరిగినంక మళ్ల ఇది రాదు."

"కరిగించు."

మూడు వారాల తర్వాత ఉంగరం తయారైందంటే పోయారు. అంజన్ వేలికి తొడుక్కుని, చూడమన్నట్టు చెయ్యి కిందికి దించాడు. ఉంగరం జారి నేల మీద పడింది.

షఫీఉద్దీన్ తన చేతి పని తప్పిందేమోనని చీటీ తీశాడు, గుత్తి తీశాడు, మళ్ళీ కొలిచాడు. పదహారు.

"మూడు వారాలల్ల రెండు నంబర్లా? రాత్రిళ్ళు జరమొస్తుందా బేటా?"

అంజన్ ఉంగరం ఏరుకోవడానికి వంగినప్పుడు కాలర్ తొలగింది. చెవి కింద, మెడ మీద ఉసిరికాయంత గడ్డ.

"పంటి నొప్పి గడ్డ అనుకున్న, పోతదిలే," అన్నాడు.

పోలేదు. దవాఖానలో సూది గుచ్చి అందులోది కొంచెం తీశారు. ఏదైనా కావచ్చు, పది రోజులు ఆగాలన్నారు.

ఆ పది రోజుల్లో ఆండాలుకు ముద్ద దిగలేదు. ఏడో తరగతిలోనే బడి మానిపించారు ఆమెను. గడ్డ ఎందుకు లేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొగుడు పోయిన ఆడదాని చేతి బంగారం ఏం చేస్తుందో మాత్రం వాడకట్టంతా చెప్పింది. ఆ గడ్డ ఎల్లప్ప బంగారం పనే. వేలికి పెట్టకముందే, కరిగిస్తున్నప్పుడే పట్టుకున్నది. తాను పక్కకు తప్పుకుంటే అది అంజన్‌ను విడుస్తుంది. ఈ లెక్క ఆమె తల్లికీ చెప్పలేదు.

మూడో రోజు ఫోన్ చేసింది.

"నేను నిన్ను చేసుకోను."

"ఏమైంది? మా అమ్మ ఏమన్న అన్నదా?"

"ఎవ్వలేమనలే."

"మరి?" అతని గొంతు దిగిపోయింది. "రిపోర్ట్ వచ్చేదాంకనన్న ఆగరాదే ఆండాలూ."

ఆమె ఫోన్ పెట్టేసింది. మంచం కింది గాజుల రాళ్ళ డబ్బా కాలికి తగిలి ఇల్లంతా రాళ్ళు చెదిరిపోతే, అఖిల ఒక్కొక్కటే ఏరుతూ, "ఏడ్వకు, అన్నీ దొరుకుతయి," అంది.

రిపోర్ట్ వచ్చింది. గడ్డల టీబీ. ఆరు నెలలు గోలీలు మింగితే నయమైపోతుందన్నారు. ఆ సంగతి రుక్మాబాయి చెవిన పడేసరికి ఇంకో రెండు వారాలు గడిచాయి. వినీ వినగానే ఆండాలు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మలక్‌పేటలో రైలెక్కింది. బతుకుతాడు. అంతే, బతుకుతాడు. దారి పొడుగునా ఆ ఒక్క మాటే.

లేత్ మిషన్ల గల్లీలో అంజన్ వాళ్ళ మేడ మెట్లెక్కేసరికి, గడపలో అతని తల్లి బాలమ్మ అడ్డం నిలబడింది.

"ఎందుకొచ్చినవమ్మా? నా కొడుకు ఉన్నడా పోయిండా చూసిపోదామనా?"

"రానియ్యే," అన్నాడు లోపలి నుంచి అంజన్.

గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా తాడుకు ఆరేసినట్టుంది ఒంటి మీద. ఆమె తలుపు దగ్గరే ఆగింది.

"దగ్గరికి రా, ఫికర్ లేదు. ఇది అంటుకునే రకం కాదట."

ఆ మాటకు ఆమెకు దుఃఖం ఆగలేదు. అక్కడే కూలబడి అంతా చెప్పింది. కొంగుముడి సంగతి, ఎల్లప్ప ఉంగరం, తాను తప్పుకుంటే అతను బతుకుతాడనుకున్న సంగతి.

అంజన్ అంతా విన్నాడు.

"గది నాకు ఎరకనే. గా దినం పొద్దుగూకంగనే షఫీ భాయ్ ఫోన్ చేసిండు. నీ వేలికి పెట్టేది నీకు చెప్పకుంట ఎట్ల పెడత బేటా అన్నడు. కలుపు భాయ్ అన్న. పిల్ల నాయినది, పిల్ల ఉండే ఇంట్లనే ఉంటది గదా అన్న."

ఆండాలు తలెత్తి చూసింది.

"బంగారంతోని నాకేం కాలే ఆండాలూ. మెడ మీద గడ్డ పెట్టుకుని పది దినాలు గీ గోడకు కూసున్న. ఒక్కతి వచ్చి పక్కన కూసుంటదేమో అని చూసిన. నువ్వు రిపోర్ట్ రాకముందే నాకు పాడె కట్టినవ్."

"తప్పయింది. కాళ్ళు మొక్కుత."

"మొక్కకు. రేపు నాకు దగ్గొచ్చినా నువ్వు గిట్లనే ఉరుకుతవ్. నా మంచికే ఉరుకుతవ్, గది గూడ ఎరకే." అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "అఖిల అడిగితే డ్యూటీకి పోయిండని చెప్పు. ఇంగ రాకు."

గల్లీ మలుపు దాకా వచ్చాక వెనక నుంచి బాలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇందాకటి కోపం లేదు, రొప్పుతోంది.

"గోలీలు మింగుతలేడే బిడ్డా. చేతిల పెడితే నోట్లేసుకుంటడు, నీళ్ళ నల్ల కాడికి పోయి ఉమ్మేస్తడు. ఎవ్వల కోసం మింగాలె అంటడు. నడుమల ఇడిస్తే పాణం మీదికొస్తదని డాక్టరు సారు ఒక్కతీరుగ చెప్పిండు."

ఆండాలు వెనక్కి నాలుగడుగులు వేసింది. మేడ మీది తలుపు మూసి ఉంది. తనను చూస్తే ఇంకా మొండికేసి, ఇక ఎన్నటికీ మింగడని ఆగిపోయింది.

ఆమె మెట్లెక్కలేదు, ఎక్కలేదు గనుకే మీకు ఈ మాట చెప్పడం. ఫలక్‌నుమా స్టేషన్‌లో దిగి ఎవరినడిగినా లేత్ మిషన్ల గల్లీ చూపిస్తారు. మీరెవరైనా అటు పోతే, ఒక్కసారి ఆ మెట్లెక్కండి. అంజన్ అని పిలవండి. పొద్దుటి గోలీలు వేసుకున్నాడో లేదో అడగండి. వేసుకున్నానంటే నమ్మకండి. చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి, గొంతు దిగేదాకా అక్కడే నిలబడండి.